ఎలుకల వాటా

మా ఇంట్లో యుద్ధం ప్రకటించే అధికారం నాకు లేదు. ఇరవై రెండేళ్లు సైన్యంలో చేసి, అందులో ఎక్కువ కాలం కమాండోల మెరూన్ టోపీ పెట్టుకుని తిరిగినవాణ్ని. అయినా పోయిన నెల ఎలుకల మీద యుద్ధం ప్రకటించింది మా ఆవిడ రజితే. కందిపప్పు డబ్బా మూత కొరికి, దేవుడి అరలో వత్తులు ఎత్తుకుపోయి, చివరికి ఆమె పట్టుచీర అంచు కూడా రుచి చూసేసరికి ఇక సంధి మాటల్లేవు. బోను తెచ్చింది, జిగురు అట్టలు తెచ్చింది, సజ్జ మీది సామానంతా దించాల్సిందేనంది. "కమాండోవు గదా, ఎక్కు" అని నిచ్చెన చూపించింది. ముప్పై ఏళ్ల కాపురంలో నా శిక్షణ ఆమెకు గుర్తొచ్చేది నిచ్చెన ఎక్కాల్సినప్పుడు, లేకపోతే నీళ్ల ట్యాంకు కడగాల్సినప్పుడు.

సజ్జ మీద పాత పరుపు వెనక మా బాపు డ్యూటీ డబ్బా దొరికింది. మూడు గిన్నెలు ఒకదాని మీద ఒకటి కూర్చునే సత్తు డబ్బా. బాపు పోయి మూడేళ్లవుతోంది. బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్లూ ఆ డబ్బా లేకుండా ఆయన గడప దాటలేదు. రిటైరైన రోజు ఎక్కడో పెట్టాడు, ఆ తర్వాత మేమెవరం దాన్ని చూడలేదు. పై రెండు గిన్నెలు ఖాళీ. అడుగు గిన్నె మూత మాత్రం పట్టేసి ఊడిరాలేదు. ఊపితే లోపల ఏదో కదిలింది. ఎనభై దాటిన మా అవ్వ, అంటే మా అమ్మ, మాతోనే ఉంటుంది. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. డబ్బా చూసి చేయి ఆపింది, మళ్లీ గింజల మీదికి వంగింది. నేను మూత చుట్టూ కొబ్బరినూనె రాసి ఎండలో పెట్టి, పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. అది వదిలే లోపల నా మనసు ఎక్కడెక్కడో తిరిగొచ్చింది.

మా బాపు పేరు కొమురయ్య. గోదావరిఖనిలో టింబర్‌మన్, అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. చేతికర్రతో పైనున్న బండను కొట్టి చప్పుడు విని దాని సంగతి చెప్పేవాడు. ఖంగుమంటే ఫికర్ లేదు, బోలుగా మోగితే అక్కడ నిలబడొద్దు. ఆ అలవాటు బాయి దాటి బయటికీ వచ్చేసింది. ఎవరింటికి పోయినా మనుషుల కంటే ముందు కప్పును పలకరించేవాడు. నాకు పిల్లను చూడటానికి మంచిర్యాల పోయినప్పుడు, రజిత చాయ్ పట్టుకుని వచ్చేలోపే గొడుగు కర్రతో వాళ్ల స్లాబును మూడు చోట్ల కొట్టి, "ఇల్లు మంచిగున్నది, ఖాయం జేసుకుందాం" అన్నాడు. పిల్లను అప్పటికింకా చూడలేదు. ఆ మాటను రజిత ఇప్పటికీ నా మీద వాడుతుంది.

ఆయన మొదటి షిఫ్టులో ఉన్న వారమంతా మా క్వార్టరు బొగ్గుపొయ్యి వాసనతో నిద్రలేచేది. అవ్వ పొయ్యి రాజేసి, అడుగు గిన్నెలో అన్నం, మధ్య గిన్నెలో పచ్చిపులుసో పప్పుచారో, పై గిన్నెలో జొన్నరొట్టె ముక్క మీద మామిడికాయ తొక్కు పెట్టి కొక్కెం వేసేది. బాయి లోపల అన్నాల వేళకు బాపు గ్యాంగంతా ఒకచోట కూర్చుని డబ్బాలు విప్పేవాళ్లు. విప్పగానే తినేవాళ్లు కాదు. మొదటి ముద్ద తీసి పక్కన పెట్టేవాళ్లు. అది ఎలుకల వాటా. బాయిలో ఎలుకను ఎవరూ కొట్టరు. పైన బండ కదిలే ముందు మనిషి చెవికి అందని చప్పుడు ఎలుక చెవికి అందుతుందట. అది పరుగెత్తితే మనమూ పరుగెత్తాలట. "అది మనకు పహరా గాస్తది. పహరా గాసెటోనికి బువ్వ బెట్టకుంటె ఎట్ల?" అనేవాడు బాపు. ఇంట్లో తిన్నా కంచం పక్కన ఒక ముద్ద పెట్టేవాడు. "గిది బాయి గాదు, ఇల్లు. గీడ ఎలుకలకు బువ్వ బెడితె పిల్లాజెల్లలతోని సంసారం జేస్తయి" అని అవ్వ మొత్తుకునేది. బాపు వినలేదు. చూసి చూసి నాకూ చేతికి ఆ అలవాటు పట్టింది. నమ్మకమూ కాదు, భక్తీ కాదు. తినేముందు చెయ్యి కడుక్కోవడం లాంటిది.

బాయిలోకి దిగొద్దనే నేను సైన్యంలో చేరాను. మూడో ఏట కమాండోల్లో చేరేవాళ్లు ముందుకు రండి అంటే, అన్నం పెడతారేమోనన్నంత తొందరగా ముందుకు వెళ్లాను. మూడు నెలల పరీక్ష అది. తట్టుకుంటే టోపీ, లేకపోతే పాత పటాలానికి వాపసు. ఆ సంగతి ఇంటికి రాస్తే బాపు నుంచి జవాబు వచ్చింది. బాపుకు చదువు రాదు, వేలిముద్రే. ఆయన చెబుతుంటే రాసేది మా పక్క క్వార్టరు సుబ్బారావుగారు. గుంటూరు వైపు నుంచి వచ్చి కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా స్థిరపడ్డ మనిషి, ముత్యాల్లాంటి అక్షరాలు. మా బాపు తిట్లన్నీ ఆయన కలం దాటేసరికి గ్రాంథికమైపోయేవి. "చిరంజీవి ఓదెలును దీవించి వ్రాయునది. నీవు తలపెట్టిన సాహసమును విని మిక్కిలి కలవరపడితిమి" అని మొదలైంది ఉత్తరం. బాపు నోటితో అన్నది "వానికి పిచ్చిగిట్ల లేసిందా" అయివుంటుందని నాకు తెలుసు.

ఉత్తరంలో అసలు సంగతి కింద ఉంది. దుంగలు మోసి మోసి బాపు నడుము పోయింది. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఒంట్లో శక్తి పోయిన కార్మికుడు డాక్టర్ల చేత అన్‌ఫిట్ అనిపించుకుంటే, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. తీసుకునే కొడుకు లేకుండా ఊరికే వదులుకునేవాడు ఎవడూ ఉండడు. కొడుకు రాకపోతే ఆ డ్యూటీ తండ్రే చెయ్యాలి. నేను ఒక్కణ్నే కొడుకును. "అచ్చట నీవు నిలువనిచో పేరు కొట్టించుకుని రమ్ము. నేను అన్‌ఫిట్ పెట్టుకొని నా డ్యూటీ నీకిచ్చెదను. కాగితము సిద్ధముగా నున్నది. నిలిచినచో నా డ్యూటీ నేనే చేసుకొందును." బాపుకు అప్పటికి ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసుంది. నేను టోపీ గెలిస్తే ఆయన ఎనిమిదేళ్లు దుంగలు మోయాలి, నేను ఓడితే ఆయన మంచం మీద నడుము వాలుస్తాడు. ఇప్పుడు ఇంత సూటిగా రాస్తున్నాను గానీ, అప్పుడు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి కూడా నాకు కనిపించింది టోపీ ఒక్కటే. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం.

శిక్షణలో మా ఉస్తాద్ కొండ ప్రాంతం మనిషి. నా భుజం దాకా వచ్చేవాడు. ఆయన గొంతు పెంచగా నేను ఎప్పుడూ వినలేదు. "బేటా" అని పిలిచేవాడు. ఆ పిలుపు వినగానే మేము బూట్ల లేసులు మళ్లీ బిగించుకునేవాళ్లం. వీపున మూట, చేతిలో తుపాకీ, నలభై కిలోమీటర్లు పరుగూ నడకా కలిపి తిరిగొచ్చాక చల్లగా అడిగేవాడు, "బేటా, అలిసిపోయావా?" అని. అవునంటే ఇంకా అభ్యాసం కావాలని మరో చుట్టు తిప్పేవాడు. కాదంటే ఇంకా శక్తి మిగిలే ఉందని మరో చుట్టు తిప్పేవాడు. నా జోడీ జస్బీర్ అనే పంజాబీ వాడు. మనిషి మర్రిమానంత ఉన్నా మనసు వెన్న, ఆకలి మాత్రం మా కాలనీ మొత్తానికి సరిపడా. నడుస్తూ నిద్రపోవడం మేమిద్దరం అక్కడే నేర్చుకున్నాం. ఒకడి మూట పట్టీ ఇంకొకడు పట్టుకునేవాళ్లం, ముందున్నవాడు కళ్లు తెరిచి ఉంచాలని ఒప్పందం. ఒకసారి ఇద్దరం ఒకేసారి నిద్రపోయి బురదగుంటలో లేచాం.

ఇక ఆ తిండి. బిస్కెట్లని పేరు గానీ వాటిని ఇంటి గోడకు వాడొచ్చు. జస్బీర్ రాయితో పగలగొట్టి చాయ్‌లో నానబెట్టేవాడు. చాయ్ చల్లారేది, బిస్కెట్ మాత్రం అట్లాగే ఉండేది. డబ్బాలో పూరీలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండేవి. విడదీసే ఓపిక లేక మొత్తం మొద్దును కొరుక్కు తినేవాళ్లం. కర్పూరం బిళ్లలాంటి ఇంధనం బిళ్ల ఒకటిచ్చేవాళ్లు, మగ్గు నీళ్లు వేడెక్కుతాయనగా ఆరిపోయేది. పిండిలో చక్కెర కలిపి వేయించిన శక్కర్‌పారా ఒక్కటే మనిషి తినేది. మా అవ్వ కట్టిచ్చిన మామిడికాయ తొక్కు నేను మూటలో దాచుకుంటే, గాలివాటుకు వాసన పట్టి ఉస్తాద్ జప్తు చేశాడు. ఇది నిషిద్ధమని, ఇంకోసారి కనిపిస్తే ఊరుకోనని హెచ్చరించాడు. వారం తర్వాత నన్ను పక్కకు పిలిచి, "బేటా, మళ్లీ ఇంటి నుంచి అది వస్తే ముందు నాకు చూపించు" అన్నాడు.

మూడు నెలల చివర అసలు పరీక్ష. నాలుగు రోజులు అడవిలో జోడీగా తిరగాలి, చెప్పిన ఐదు చోట్లకు చేరాలి. ఉస్తాద్ ముఠా శత్రువులై మమ్మల్ని వేటాడుతుంది. దొరికితే మూట సర్దుకోవడమే. ఒక్క జాడా వదలొద్దు. రేపర్లు పూడ్చాం, అడుగులు చెరిపాం, గడ్డిని వేళ్లతో మళ్లీ లేపి నిలబెట్టాం. అంత జాగ్రత్తగా చేసి, తినడానికి కూర్చున్న ప్రతిచోటా నా చేయి తన పని తాను చేసుకుపోయింది. మొదటి ముక్క విరిచి పక్కన పెట్టింది. నాకు తెలియలేదు. రెండో రోజు జస్బీర్ చూసి ఇదేంటని అడిగాడు. మా ఇంటి పద్ధతి అన్నాను. "మా ఇంట్లోనూ మొదటి రొట్టె ఆవుకే తీస్తాం" అని సంతోషపడి, పాపం, తనూ ఒక ముక్క పెట్టడం మొదలుపెట్టాడు. ఆవు ఎక్కడుందని నేనడగలేదు, ఎలుక ఎక్కడుందని వాడడగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పొద కింద బిస్కెట్ నములుతుంటే ఎదురుగా ఉస్తాద్ వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చేతిరుమాలు విప్పి మా ముందు పరిచాడు. అందులో మా ముక్కలన్నీ వరసగా ఉన్నాయి. "బేటా, ఇన్నేళ్లలో కుక్కలు నాకు దారి చూపించాయి, పక్షులు చూపించాయి. చీమలు బారులు తీరి చూపించడం ఇదే మొదటిసారి. ఎవరికి పెడుతున్నారు నైవేద్యం?" అన్నాడు. జస్బీర్ నా వైపు చూశాడు. నేను మిగిలిన బిస్కెట్ వైపు చూశాను. అప్పుడు మొదటిసారి నాకు షిఫ్టుకు పిలిచే బాయి సైరన్ చెవిలో మోగింది.

మర్నాడు పెద్ద ఆఫీసర్ ముందు నిలబెట్టారు. ఎందుకు చేశావని అడిగాడు. మా గోదావరిఖని హిందీ కూరగాయలు కొనడానికి పనికొస్తుంది గానీ భూమి కింద సంగతులు చెప్పడానికి చాలదు. కాగితం అడిగి బొమ్మ గీశాను: పైన బండ, కింద దుంగ, దుంగ పక్కన బాపు, బాపు పక్కన డబ్బా, డబ్బా పక్కన ఎలుక. ఎలుక బాగా కుదిరింది, బాపే సరిగ్గా రాలేదు. వెనక నిలబడ్డ ఉస్తాద్ నవ్వు ఆపుకోలేక దగ్గడం వినిపించింది. ఆఫీసర్ నవ్వలేదు. "ఈ ఎలుకలు మీ నాన్నను ఎప్పుడైనా కాపాడాయా?" అన్నాడు. "రోజూ సార్" అన్నాను. "రోజూ ఇంటికొస్తున్నాడు కదా." ఆయన బొమ్మను కాసేపు చూసి, తన ఫైల్లో పెట్టుకున్నాడు. "వచ్చే వారం మళ్లీ. ఇద్దరూ. ఈసారి నేల మీద ఒక్క నలుసు కనబడ్డా ఇంటికే."

రెండోసారి అడవిలో మొదటి తిండికి కూర్చున్నప్పుడు ముక్క విరిచాను, చేయి గాల్లో ఆగిపోయింది. కింద పెట్టకూడదు. తినేద్దామంటే నోరు తెరుచుకోలేదు. ఇక్కడ నా నెత్తి మీద బండేం లేదు, ఆకాశమే. కానీ నేనా ముక్క మింగేస్తే అక్కడ బాపు నెత్తి మీద ఏదో కదులుతుందనిపించింది. ఏడుపొచ్చింది. జస్బీర్ చూడకుండా ఆ ముక్కను చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాను. అట్లా నాలుగు రోజులు, తిన్నప్పుడల్లా ఒక ముక్క. మూడో రోజుకు అడవిలో చీమలన్నీ నా జేబులోనే కాపురం పెట్టాయి. ఒకచోట ఉస్తాద్ ముఠా మాకు పదడుగుల దూరంలో నిలబడి బీడీ కాల్చుకుంటుంటే, నా ఛాతీ మీద ఎర్రచీమలు పండగ చేసుకున్నాయి. కదిలితే దొరికిపోతాం. ఆ పది నిమిషాలే నా జీవితంలో అసలైన కమాండో శిక్షణ, మిగతాదంతా నడక.

దొరకలేదు. చివరి చోట ఉస్తాద్ మా ఒళ్లు తనిఖీ చేస్తూ నా జేబు గుండీ విప్పాడు. పొడీ, ముక్కలూ, చీమలూ రాలాయి. "ఇదేంటి బేటా?" "ఎలుకల వాటా, ఉస్తాద్." "ఇక్కడ ఎలుకలు లేవుగా." "ఇంటికి తీసుకుపోయి ఇస్తాను." ఆయన రాలిన ముక్కలను ఏరి మళ్లీ నా జేబులో పోశాడు. తన జేబులోంచి ఒక శక్కర్‌పారా తీసి అందులో వేసి, "మా తరఫున" అన్నాడు.

సెలవు మీద ఇంటికొచ్చాను. బాపు నా టోపీని నాలుగు వైపుల నుంచీ చూశాడు. చేతికర్ర ఎత్తి దాని మీద మెల్లగా తట్టి, "మంచిగనే నిలవడ్డది" అన్నాడు. అన్‌ఫిట్ ఊసు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. జేబులోని పొడి చేతిలో పోసి జరిగిందంతా చెబితే, అవ్వ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు మాత్రం శ్రద్ధగా విని, "రేపు పట్టుకపోత" అన్నాడు. మర్నాడు బాపు షిఫ్టు దిగి వచ్చి, మొహం మీద బొగ్గు కడుక్కోకముందే నేను ఎదురుపోయి అడిగాను.

"తిన్నయా బాపూ?"

"మొత్తం తిన్నయ్ రా. మూతులు నాక్కున్నయ్. ఇంకేమన్న ఉన్నదా అన్నట్టు నా దిక్కే జూసినయ్."

ఇరవై ఏళ్లు ప్రతి మెస్సులో ఈ కథ చెప్పి నవ్వించాను. కమాండోలు కొరకలేని బిస్కెట్‌ను మా బాయి ఎలుకలు మూతులు నాకి మరీ తిన్నాయని. మా బాపు ఇంకో ఎనిమిదేళ్లు దుంగలు మోశాడు. నేను సెలవుకు వచ్చినప్పుడల్లా నడుముకు గుడ్డ ఒక చుట్టు ఎక్కువ కనిపించేది. ఇప్పుడు ఆ బాయి లేదు. పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు వచ్చింది. కప్పే లేని చోట దుంగ ఎందుకు, ఎలుక ఎందుకు? మొన్న సెంటినరీ కాలనీలో సెలవుకొచ్చిన ఒక కుర్ర జవాను తన రేషన్ ప్యాకెట్ చూపించాడు. నీళ్లు పోస్తే దానంతటదే వేడెక్కే బిర్యానీ. తిన్నాను, బాగానే ఉంది. ఇంత మెత్తటి తిండి తిని వీళ్లు పళ్లు ఎట్లా గట్టిపరుచుకుంటారా అని మాత్రం దిగులేసింది.

ఎండకు నూనె కాగి, మూత టప్పున వదిలింది. అడుగు గిన్నెలో బొగ్గు నలుపెక్కిన కాగితం పొట్లం ఉంది. విప్పితే బూడిదరంగు పొడి, రాయిలాంటి ముక్కలు కొన్ని, వాటి మధ్య శక్కర్‌పారా ఒకటి. దాన్ని ఎక్కడున్నా గుర్తుపడతాను. పొడిని గిన్నెలోకి ఒంపి కాగితం విప్పి చూశాను. మడతల్లో చిరిగినా ముత్యాల్లాంటి సుబ్బారావుగారి అక్షరాలు చెక్కుచెదరలేదు. అనారోగ్య కారణంగా విధుల నుంచి తప్పించమని కంపెనీకి దరఖాస్తు. డిపెండెంటు అన్నచోట నా పేరు. కింద బాపు ఎడమచేతి వేలిముద్ర.

"అవ్వా, బాపు ఇది ఎలుకలకు ఎయ్యలేదా?"

"ఎయ్యలే బిడ్డా" అంది అవ్వ, చింతగింజల మీంచి తల ఎత్తకుండా. "రిటైరైందాక డబ్బల పెట్టుకోనే బాయిలకు దిగిండు. గా అడుగు గిన్నెల అన్నం పెట్టనియ్యకపోయె. గిదేందయ్యా అంటె, 'నా ముద్దకు ఎలుకలు నన్ను గాస్తయి. వాడు తిరిగెకాడ ఎలుకలు లెవ్వు, వాని ముద్ద నా కాడ ఉండనియ్యి, నేను గాస్త' అన్నడు."

"మరి ఈ కాయిదం?"

"నేనూ అడిగిన. పొట్లం గట్టనీకె ఇంట్ల ఇంకో కాయిదం దొరకలేదన్నడు."

సుబ్బారావుగారింటి పాత పేపర్లు మా క్వార్టరులో మంచం కింద కట్టలు కట్టలుగా ఉండేవి. నాకు గుర్తే.

ఆ మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు మొదటి ముద్ద తీసి కంచం పక్కన నేల మీద పెట్టాను. నా మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు. రజిత ముద్దను చూసింది, గోడ మూలన బోనును చూసింది, అవ్వను చూసింది. కాలితో బోనును మంచం కిందికి నెట్టేసి, "గీ ఒక్క పూటకే" అని నాకు పప్పు వడ్డించింది.